వానల అడవి చెట్లు కరువును ఎలా తట్టుకుంటాయి?

అమెజాన్‌కు కరువేంటి అనిపిస్తుంది కానీ 2005, 2010, 2015-16, 2023లో గట్టిగానే వచ్చింది. అప్పుడు చెట్టు ముందు ఆకుల మీది రంధ్రాలు మూసి నీళ్లు పొదుపు చేస్తుంది. కొన్ని చెట్ల వేళ్లు 8 మీటర్ల కంటే లోతుకు దిగి తోడతాయి. ఇంకో ముచ్చట: రాత్రిపూట ఆ నీళ్లలో కొంత పైవేళ్ల గుండా పొడిమట్టిలోకి చేరి, పొద్దున మళ్లీ పనికొస్తుంది.

అసలు టెన్షన్ గాలిబుడగలతోనే. ఆకులు నీళ్లను పైకి లాగే లాగుడు మరీ ఎక్కువైతే కాండంలోని నీటి గొట్టాల్లో బుడగలు పడతాయి, చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టే. బ్రెజిల్‌లోని కషివానా అడవిలో 2002 నుంచి పరిశోధకులు ప్రయోగం కోసం ప్లాస్టిక్ పలకలు కట్టి దాదాపు సగం వానను నేలకు చేరనివ్వకపోతే, ఎక్కువగా చచ్చినవి పెద్ద చెట్లే.

వానలు పడితే చిగుళ్లు త్వరగానే వస్తాయి. పాడైన గొట్టాల బదులు కొత్తవి పెరగడానికి మాత్రం ఏళ్లు పట్టొచ్చు.