గులాబీ పురుగుకు ఏ మందు అంటే? ముందు ఇరవై కాయలు పగలగొట్టు

మునుగోడు దిక్కు పత్తి ఊళ్లలో మందుల వాడకం తగ్గించే సలహాదారు పనిలో చేరానని, రైతు "గులాబీ పురుగు పడ్డది, ఏం మందు కొట్టాలె సార్?" అంటే ఏం చెప్పాలో తెలియట్లేదని అడిగావు తమ్మీ.

మందు పేరు దుకాణంలో ఎవరైనా చెప్తరు. నీ పని, ఆ చేనులో మందు కొట్టేంత పురుగు ఉందో లేదో చెప్పడం. అది గట్టు మీద నిలబడితే తెలియదు.

పత్తి 45 రోజులకు రాగానే ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనుండే ఎర బిళ్ళతో మగ రెక్కల పురుగులను పట్టేవి) కట్టించు. బుట్ట చెట్టు కొన కంటే ఒక అడుగు పైన ఉండాలి. చేను పెరిగేకొద్దీ కర్ర పైకి లేపాలి, చాలామంది మరిచేది ఇదే. మందు అంటిన చేత్తో, పొగాకు నలిపిన చేత్తో ఎర బిళ్ళ ముట్టుకోవద్దు. పచ్చపురుగు ఎర, గులాబీ పురుగు ఎర ఒకే బుట్టలో పెట్టొద్దు. ప్యాకెట్ మీద రాసిన గడువుకు బిళ్ళ మార్చి, పాతది చేనులో పారేయకుండా బయటికి తేవాలి. రోజూ పొద్దున రెక్కల పురుగులు లెక్కపెట్టి సంచి దులిపేయాలి. బుట్టకు 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే చేనులో గుడ్లు పడుతున్నట్టే లెక్క.

పూత మీద గుడ్డి పూలు చూడు. రేకలు విచ్చుకోకుండా, లోపలి నుంచి దారంతో కుట్టినట్టు ముడుచుకొని ఉంటాయి. 100 పూలకు 10 గుడ్డి పూలుంటే మందు కొట్టాల్సిన హద్దు దాటినట్టు. తెంపినవి గట్టున పోయకుండా సంచిలో వేసుకొచ్చి కాల్చాలి.

కాయలు పట్టాక అసలు పరీక్ష. నాలుగు మూలలూ నడుమా తిరిగి, 20 చెట్లకు ఒక్కో పచ్చికాయ తెంపు. ముదిరింది వద్దు, పూత రాలి రెండు వారాలై, నొక్కితే కొద్దిగా మెత్తగా తగిలేది కావాలి. పైన రంధ్రం వెతకడం దండగ. పురుగు పిల్లగా ఉన్నప్పుడే లోపలికి పోతుంది, పోయిన దారి పూడిపోతుంది. పైకి కనిపించే గుండ్రటి రంధ్రం అది తినడం అయిపోయి బయటికి వెళ్లిన గుర్తు. రెండు బొటనవేళ్లతో కాయ విప్పితే తొక్క లోపలి వైపు చిన్న బుడిపె, పక్కన రంగు తిరిగిన దూది, తొలిచిన గింజ కనిపిస్తాయి. చిన్న పురుగు తెల్లగానే ఉంటుంది, తల ఒక్కటే నల్లన. గులాబీ రంగు పెద్దయ్యాక వస్తుంది, అందుకే రంగు కోసం చూసేవాళ్లకు చిన్నవి దొరకవు. 20 కాయల్లో బతికున్నవి 2 ఉంటే మందు. ఒకటే ఉంటే వారానికి మళ్లీ చూడాలి. కాయలు రైతు చేతనే విప్పించు. నువ్వు విప్పి చూపిస్తే వింటడు గానీ నమ్మడు.

లోపలికి పోయిన పురుగును ఏ మందూ చంపదు. కొట్టేది గుడ్డు మీదికీ, అప్పుడే పొదిగిన పిల్ల మీదికీ. బుట్ట లెక్క ముందే పెట్టమనేది అందుకే. మొదట్లో 5 శాతం వేప కషాయం చాలు: 5 కిలోల వేప గింజల పొడి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో పిండి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి 100 లీటర్లు చేయాలి. ఎకరానికి రెండింతలు పడుతుంది. బూజు పట్టిన గింజ పనికిరాదు. సాయంత్రమే కొట్టాలి, ఎండకు దాని బలం పోతుంది. వడపోత సరిగ్గా లేకపోతే నాజిల్ మూసుకుపోయి, రైతు మళ్లీ వేప పేరెత్తడు.

హద్దు దాటితే ప్రొఫెనోఫాస్ లీటరుకు 2 మి.లీ., లేదా థయోడికార్బ్ 1.5 గ్రాములు. ఒకసారి కొట్టింది వెంటనే మళ్లీ వద్దు. సింథటిక్ పైరిత్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్ లాంటి మందులు) తొందరపడి కొడితే తెల్లదోమ విరుచుకుపడుతుంది. అవి పంట ఆఖరుకు, అదీ ఒక్కసారి. ఇంకో తప్పు నీళ్ల దగ్గర జరుగుతుంది. ఎకరానికి 200 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండు దాకా పట్టాలి. ఆరేడుతో ముగించి, తగ్గిన నీళ్లకు బదులు మూతతో మందు ఎక్కువ పోస్తారు, మూడు రకాలు కలిపి మరీ. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో మందు కొడుతూ రైతులు చనిపోయింది పత్తి చేలలోనే. గాలికి ఎదురు కొట్టనివ్వకు, చేను ఛాతీ దాటితే అసలే వద్దు.

"బీటీ గింజకు పురుగెట్ల పడుతది?" అని తప్పక అడుగుతారు. ఇప్పుడు వేసే బీటీ గింజ బీజీ-2లో పురుగును చంపే రెండు విష ప్రొటీన్లుంటాయి, గులాబీ పురుగు రెండింటికీ అలవాటు పడిపోయింది. పచ్చపురుగు మీద బీటీ పనిచేయబట్టి జనానికి ఈ తికమక.

చెలక నేలల్లో ఇంకోటి: ఆకు ఎర్రబడగానే దుకాణంలో దోమ మందు ఇస్తారు. ఈనెలు పచ్చగా ఉండి నడుమ ఎర్రబడితే అది మెగ్నీషియం లోపం, లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కొట్టాలి. అంచులు కిందికి ముడుచుకుని ఎర్రబడితే పచ్చదోమ. ఆకు తిప్పి పిల్ల దోమలు లెక్కపెట్టు, ఆకుకు 2 దాటితేనే మందు.

ఇక డిసెంబరు. బోరో కాలువో ఉన్నచోట రైతు ఇంకో ఏరుడు కోసం చేను ఉంచుతాడు. వచ్చే ఏటి పురుగు అక్కడే బతుకుతుంది. ఆఖరి ఏరుడు కాగానే గొర్రెలనో మేకలనో తోలిస్తే మిగిలిన కాయలు అవి తినేస్తాయి. మందు కొట్టి ఎన్నాళ్లైందో అడిగాకే తోలించు. పత్తి కట్టెను పొయ్యి కోసం చేను పక్కన కుప్ప పెట్టనివ్వకు, ష్రెడ్డర్‌తో ముక్కలు కొట్టించి దున్నించు.