‘476వ శకంలో’ అని రాయవచ్చా?

సందేహం: పిల్లల పత్రికకు పంపిన వ్యాసంలో “476వ శకంలో రోమన్ సామ్రాజ్యం అంతరించింది. అదే శకంలో ఆర్యభట్టు పుట్టాడు” అని రాశాను. ‘శకం’ తప్పు, ‘సంవత్సరం’ అనాలని మా స్నేహితురాలు అంటోంది. రెండూ కాలాన్ని చెప్పే మాటలే కదా?

సమాధానం: మీ స్నేహితురాలి మాటే సరైనది. శకం అంటే ఏడాది కాదు, ఏళ్లను ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నామో చెప్పేది. క్రీస్తు శకం ఒక లెక్క, పంచాంగాల్లో కనిపించే శాలివాహన శకం ఇంకో లెక్క. ‘క్రీస్తు శకం 476లో’ అంటే సరిపోతుంది. పేరున్నవాళ్లు కన్నుమూసినప్పుడు పేపర్లలో “ఒక శకం ముగిసింది” అని రాస్తారు కదా, ఆ వాడుక వల్లే ఈ తికమక వస్తోందనుకుంటాను. అక్కడ శకం అంటే ఒక కాలఘట్టం. ఆ అర్థం స్థిరపడింది, తప్పు పట్టక్కర్లేదు. అయితే పక్కన అంకె చేరితే ఆ అర్థం చెల్లదు.

ఇది చిన్న విషయమని వదిలేయకండి. శాసనాలు చదివేవారు ‘శకం 476’ అని చూస్తే దాన్ని శాలివాహన శకంగా తీసుకుని, క్రీస్తు శకంలోకి మార్చడానికి 78 కలుపుకుంటారు. నల్లగొండ ప్రాంతంలోని తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండిన రాజుల రాగిరేకుల్లో శక సంవత్సరం 488 అని ఉంది. అంటే క్రీ.శ. 566. ఆ లెక్కన మీ 476 కాస్తా క్రీ.శ. 554 అవుతుంది. ఈ రెండు సంవత్సరాల్లో ఇటలీలో ఏం జరిగిందో చూడండి. 476 సెప్టెంబరు 4న ఒడొయేసర్ అనే సేనాని, కుర్రవాడైన చక్రవర్తి రోములస్ ఆగస్టులస్‌ను గద్దె దించాడు. 554 నాటికి అదే ఇటలీని తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సేనలు గోత్‌లు అనే జర్మన్ తెగ నుంచి గెలుచుకున్నాయి. అక్కడి పాలన ఎలా సాగాలో ఆయన ఆ ఏడాదే చట్టం చేశాడు. చక్రవర్తి పాలన పోయిన ఏడాదిని చెప్పబోయి, అది తిరిగి నెలకొన్న ఏడాదిని చెప్పినట్టవుతుంది.

‘రోమన్ సామ్రాజ్యం అంతరించింది’ అన్నది కూడా సరిచేయాలి. అప్పటికి రోమన్ సామ్రాజ్యం తూర్పు, పశ్చిమ భాగాలుగా ఉండేది; అంతరించింది పశ్చిమ సామ్రాజ్యం. రోములస్‌ను దించాక చక్రవర్తి చిహ్నాలను కాన్‌స్టాంటినోపుల్‌లోని తూర్పు చక్రవర్తి జెనోకు పంపించారు. తిరుగుబాటులో సింహాసనం పోగొట్టుకున్న జెనో దాన్ని మళ్లీ దక్కించుకున్నది కూడా 476లోనే. ఆ తూర్పు సామ్రాజ్యం 1453 దాకా ఉంది. పశ్చిమాన కూడా జూలియస్ నేపోస్ అనే పాత చక్రవర్తి డాల్మేషియాలో 480లో హత్యకు గురయ్యేదాకా చక్రవర్తినే అనిపించుకున్నాడు. అందుకే నేనైతే ‘అంతరించింది’ అని తెగేసి చెప్పను, ‘అంతరించినట్టు లెక్కిస్తారు’ అంటాను.

ఇక ఆర్యభటుడి సంగతి. ఆయన పేరు చివర ఉన్నది ‘భట’, ‘భట్ట’ కాదు. తన గ్రంథంలో ఆయనే ఆర్యభట అని చెప్పుకున్నాడు. పుట్టిన ఏడాది మనకు తెలిసిందీ ఆయన మాటల్లోనే: కలియుగంలో 3600 ఏళ్లు గడిచేసరికి తాను పుట్టి 23 ఏళ్లు గడిచాయన్నాడు. కలి 3600 గడిచింది క్రీ.శ. 499లో. అందులోంచి 23 తీసేస్తే 476. ఇక్కడ చాలామంది “23వ ఏట గ్రంథం రాశాడు” అంటారు. తెలుగులో 23వ ఏడు అంటే నిండినవి 22 ఏళ్లే. అలా లెక్కేస్తే పుట్టుక 477కు జరుగుతుంది. ఆయన ‘గడిచాయి’ అన్నాడు కాబట్టి ‘23 ఏళ్లు నిండాయి’ అనే రాయాలి.

పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆనాటి రోమన్లకు అది 476 అని తెలియదు. బాసిలిస్కస్, అర్మాటస్ కాన్సుళ్లుగా (ఏటా మారే ఉన్నతాధికారులుగా) ఉన్న ఏడు అనేవారు. క్రీస్తు పుట్టుక నుంచి ఏళ్లు లెక్కించే పద్ధతిని డయొనీషియస్ ఎక్సిగస్ అనే సన్యాసి ప్రతిపాదించింది 525లో.

మీ వాక్యాలను ఇలా మార్చుకోవచ్చు: “క్రీ.శ. 476లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యం అంతరించినట్టు లెక్కిస్తారు. ఆర్యభటుడు పుట్టింది కూడా ఆ ఏడాదే.” క్రీ.శ. బదులు సా.శ., అంటే సామాన్య శకం అని రాసినా ఫరవాలేదు, అంకె మారదు.