ఆఖరి గడి దాకా చదువు, తల్లీ

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి, సాల్ట్‌లేక్ సిటీ నుంచి మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

అల్లుడిగారి నాలుగు తరాల కిందటి అవ్వగారి చరిత్ర రాయడానికి నువ్వు పూనుకున్నావనీ, జూలై 24న, మోర్మన్ చర్చి వాళ్ళు యూటా చేరిన రోజుగా జరుపుకునే పయనీర్ డే నాడు, మీ అత్తవారు అందరూ చేరినప్పుడు ఆ పుస్తకం వాళ్ళ చేతుల్లో పెట్టాలనుకుంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి పిల్ల మెట్టినింటి పెద్దల పేర్లు వెతకడానికి కూర్చుందని వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే భయమూ వేసింది. ఈ పని నేనూ చేశాను, తప్పుగా చేశాను.

మొదలుపెట్టే తీరు నీకు తెలిసే ఉంటుంది. ముందు బతికున్న పెద్దవాళ్ళను అడుగు, మీ అత్తగారి పాత పెట్టెలు తెరిపించు, అక్కడి నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్ళు. మేము ఇక్కడి వంశచరిత్రల గ్రంథాలయంలో రీళ్ళు తిప్పుతూ చూసిన మైక్రోఫిల్ములను 2021 నాటికి డిజిటల్‌లోకి మార్చేశారు కనుక చాలావాటిని ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా ఇంట్లోనే చూడవచ్చు. కానీ అక్కడి వంశవృక్షంలో ఎవరైనా చెయ్యి పెట్టి మార్చవచ్చు. అందుకని అసలు పేజీ బొమ్మను కళ్ళారా చూడనిదే ఒక్క పేరు కూడా ఎత్తి రాయకు.

అవ్వగారు 1856లో చిన్నపిల్లగా హ్యాండ్‌కార్ట్ వెంట నడిచి వచ్చిందని మీ నాన్న అన్నాడు. ఆయోవా సిటీ దాకా రైలు, అక్కడి నుంచి సాల్ట్‌లేక్ దాకా హ్యాండ్‌కార్ట్ అనే రెండు చక్రాల బండిని మనుషులే లాగుకుంటూ సుమారు 1,300 మైళ్ళ నడక. ఆ ఏడాది అలా వచ్చిన బృందాలు ఐదు. మొదటి రెండూ సెప్టెంబరు 26న, మూడవది అక్టోబరు మొదట్లో చేరాయి. వయోమింగ్ మంచులో చిక్కుకున్నవి ఆలస్యంగా బయలుదేరిన విల్లీ, మార్టిన్ బృందాలు. ఆ రెంటిలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. హ్యాండ్‌కార్ట్ అనగానే ప్రతి కుటుంబమూ ఆ మంచునే తలచుకుంటుంది కనుక, అవ్వగారు ఏ బృందంలో వచ్చిందో పేర్ల జాబితాలో తేల్చుకోకుండా ఆమె పాదాల కింద మంచు పరచకు.

ఇక నా తప్పు సంగతి. మా అల్లుడి నానమ్మగారి తల్లి 1870ల్లో యూటాలోని సాన్‌పీట్ కౌంటీలో పుట్టింది. 1880 జనాభా లెక్కల్లో ఆ ఇల్లు నాకు దొరికింది. ఇంటి యజమాని ఇంగ్లండులో పుట్టినవాడు, భార్యదీ ఇంగ్లండే, కింద వరుసగా ఏడుగురు పిల్లలు, అందులో ఈమె పేరు పక్కన ‘కూతురు’ అని ఉంది. నా ఆనందానికి పట్టపగ్గాలు లేకపోయాయి. ఆ గడిలో రాసేది ఇంటి యజమానికి ఏమవుతారన్నదే గాని, పక్కనున్న భార్యకు ఏమవుతారన్నది కాదని నాకు అప్పటికే తెలుసు. అయినా తోచలేదు. అదే వరుస చివర తండ్రి పుట్టిన దేశం, తల్లి పుట్టిన దేశం అని రెండు గడులున్నాయి. ఐదుగురు పిల్లలకు ‘ఇంగ్లండ్, ఇంగ్లండ్’ అని ఉంటే, ఈమెకూ ఇంకొక పిల్లవాడికీ ‘ఇంగ్లండ్, డెన్మార్క్’ అని ఉంది. నేను చూశాను, తల్లీ. చూసి, రాసినవాడి చేతి పొరపాటు అనుకుని తరువాతి పేజీ తిప్పాను.

ఆ తరువాత నాలుగేళ్ళు ఆ ఇంగ్లీషు ఆవిడ పుట్టింటి వెంటపడి, చర్చి రిజిస్టర్లన్నీ గాలించి డెబ్బై మూడు పేర్లు కూర్చాను. పటం కట్టించి నానమ్మగారికి ఇస్తే ఆమె దాన్ని గోడకు తగిలించుకుంది. మరో రెండేళ్ళకు, వేరెవరి కోసమో ఆ ఊరి వార్డు (అంటే స్థానిక చర్చి సంఘం) పుస్తకం చూస్తుండగా, పసిపిల్లలకు ఆశీర్వాదం చేసినప్పుడు రాసే పట్టికలో ఈమె పేరు కంటపడింది. తండ్రి ఆయనే. తల్లి పేరు చివర మాత్రం ‘డాటర్’ అని ఉంది. డేనిష్ వాళ్ళు ఆడపిల్లకు తండ్రి పేరు మీద అలా కట్టే పేరు అది. ఆ డేనిష్ అమ్మాయి, మొదటి భార్య ఉండగానే ఆయన చేసుకున్న రెండవ భార్య. ఇద్దరు పిల్లల్ని కని కన్నుమూస్తే, మొదటి భార్య వాళ్ళను తన పిల్లలతో పాటు పెంచింది.

మర్నాడు నానమ్మగారి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పటం దించమని, పెన్సిలు నా చేతికిచ్చి ఆ పేరు రాయమంది. ఎలా పలకాలో మూడుసార్లు అడిగింది.

ఇది నాకు తెలియని కథ అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. మీ తాతయ్యను పెంచింది సవతి తల్లే. కన్నతల్లి పేరు, ఏడాదికొకసారి ఆబ్దికంలో పురోహితుడు గోత్రంతో సహా పలికినప్పుడు తప్ప, మా ఇంట్లో వినపడేది కాదు. పక్కన కూర్చుని విన్నదాన్నే, ఆ డెన్మార్క్ అన్న మాట దగ్గర ఆగలేకపోయాను.

కనుక మీ అవ్వగారి పిల్లలు ఎవరు, ఆమె తల్లి ఎవరు అన్న చోట తొందరపడకు. మోర్మన్ మందిరంలో ‘సీలింగ్’ (పిల్లలను తల్లిదండ్రులతో శాశ్వతంగా ముడివేయడం) జరిగినట్టు కనిపించిన తల్లిదండ్రులు కన్నవాళ్ళే అయి తీరాలని లేదు, అది మతపరమైన క్రతువు. 1882 చట్టం వచ్చాక బహుభార్యలున్న మగవాళ్ళను జైల్లో పెట్టారు. రెండవ, మూడవ భార్యలు వేరే ఊళ్ళలో, కొందరు వేరే ఇంటిపేర్లతో తలదాచుకుని పురుళ్ళు పోసుకున్నారు. 1890లో చర్చి ఆ పెళ్ళిళ్ళు మానాలని ప్రకటించేదాకా ఆ కాలపు కాగితాల్లో తల్లి గడి ఖాళీగా ఉందంటే తల్లి లేదని కాదు. అటువంటిదేదైనా బయటపడితే ముందు మీ అత్తగారికి ఒంటరిగా, మెల్లగా చెప్పు. పండుగ నాడు పదిమందిలో పుస్తకం తెరిచినప్పుడు ఆమెకు తెలియకూడదు. నీ మీద కోపంతో కాదు గాని, జూలై నాటికే అచ్చు వేయించాలన్న ఆ పట్టుదల నాకు నచ్చలేదు. ఒక ఏడాది ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు.

వేసవి సెలవుల్లో ఒక వారం ఉండేటట్టు వచ్చెయ్యి. అల్లుడిగారు రాలేకపోతే నువ్వే రా, గ్రంథాలయానికి ఇద్దరం నడిచే వెళదాం. ఆ 1880 పేజీ నకలు నా దగ్గర ఇంకా ఉంది, ఆ రెండు గడుల కింద ఎర్ర పెన్సిలుతో గీసి బల్ల మీద పెట్టి ఉంచుతాను.

మీ మేనత్త