కర్చీఫ్ వేస్తే కుర్చీ మనదైపోతుందా?

విశాఖ నుంచి ఓడెక్కి పుదుచ్చేరి, చెన్నై చూసి రావడం 2022 జూన్‌లో కార్డేలియా వారి ఎంప్రెస్ ఓడ ఇక్కడికి వచ్చినప్పటి నుంచి మన ఊరివాళ్లకు అలవాటవుతున్న సరదా. 2023 సెప్టెంబరులో పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ తెరిచాక సింగపూర్, యూరప్ వెళ్లి పెద్ద ఓడలెక్కే వాళ్లు కూడా మాకు సందేహాలు రాస్తున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి. ఈత కొలను పక్కన వరసగా వేసి ఉండే పడక కుర్చీ. ఓడ మీద దాన్ని లాంజర్ అంటారు.

ప్రశ్న: మేం తొమ్మిది మందిమి వెళ్తున్నాం. అత్తయ్యగారు, మావయ్యగారు, మేమిద్దరం, మా బాబు, మా ఆడపడుచు, ఆమె భర్త, వాళ్ల పిల్లలిద్దరు. మావారు పొద్దున్న ఆరింటికే పైకి వెళ్లి తొమ్మిది కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి వచ్చేస్తానంటున్నారు. టిఫిన్లయ్యాక పదింటికి అందరం వెళ్లొచ్చని ఆయన లెక్క. అలా చేయొచ్చా?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: చేయకూడదమ్మా. మీవారి ఉద్దేశం మంచిదే, ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండాలని. కానీ ఆరు నుంచి పది దాకా తొమ్మిది కుర్చీలంటే నాలుగు తొమ్మిదులు ముప్పయ్యారు గంటల కూర్చునే వీలు ఎవరికీ దక్కకుండా ఎండలో వృథాగా పోతుంది. ఆ సమయంలో చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లి నిలబడే ఉంటుంది.

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేయడం మనందరికీ తెలిసిన పద్ధతే. దాన్ని జనం ఎందుకు ఒప్పుకుంటారంటే, వేసిన మనిషి అప్పటికే ఫుట్‌బోర్డు మీద ఉంటాడు, రెండు నిమిషాల్లో వచ్చి కూర్చుంటాడు. కర్చీఫ్ వేసి ఇంటికెళ్లి భోంచేసి వస్తానంటే కండక్టరే ఊరుకోడు. ఓడ మీద కూడా ఇంతే. టికెట్టు కొన్న ప్రతివాడికీ కేబిన్‌లో మంచం ఉంటుంది, భోజనాల హాల్లో వంతుల వారీగా చోటు ఉంటుంది. ఓడ పై అంతస్తు, అంటే డెక్ మీద మాత్రం అందరికీ ఒకేసారి సరిపడా పడక కుర్చీలు ఉండవు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారన్న నమ్మకం మీదే ఆ ఏర్పాటంతా నడుస్తుంది. కుర్చీకి నంబరు లేదు, దాని మీద ఎవరి పేరూ లేదు.

ఇక మీవారి ఉపాయం పారుతుందా అంటే, అదీ అనుమానమే. తెల్లవారుజామున సిబ్బంది డెక్ కడిగి కుర్చీలు సర్దుతారు. మనిషి లేని తువ్వాలు కనిపిస్తే తీసి ఉతికే బుట్టలో వేసేస్తారు. చాలా ఓడల్లో పూల్ తువ్వాళ్లను మీ కేబిన్ కార్డు చూసి ఖాతాలో రాసి ఇస్తారు. తిరిగి ఇవ్వకపోతే డబ్బు పడుతుంది. రాయల్ కరీబియన్ అనే పెద్ద క్రూయిజ్ కంపెనీ ఓడల్లో ఒక్కో తువ్వాలుకు 25 డాలర్లు. తొమ్మిది పోతే ఎంతో మీరే లెక్కేసుకోండి.

అసలు మీకు కావలసినవి తొమ్మిది కావు. ముగ్గురు పిల్లలు నీళ్లలోంచి బయటికి రారు. వాళ్ల దగ్గర ఒక పెద్దవాళ్లు ఎప్పుడూ ఉండాలి. చాలా ఓడల్లో కొలను దగ్గర లైఫ్‌గార్డు ఉండడు, కుర్చీలో పడుకుని ఫోను చూస్తూ పిల్లల్ని కనిపెట్టడం కుదరదు. మిగిలిన ఐదుగురిలో ఒకరు టీకో, ఐస్‌క్రీముకో తిరుగుతూనే ఉంటారు. నాలుగు కుర్చీలు చాలు. రెండు పెద్దవాళ్లకు, రెండు వంతుల వారీగా మిగతా వాళ్లకు. సంచులు, చెప్పులు కుర్చీ కిందికి తోయండి. సంచికి ఒక కుర్చీ కేటాయించడం మన వాళ్లలో మరీ ఎక్కువ, అది మానాలి.

ముందు ఇద్దరు వెళ్లి కూర్చోండి. కూర్చున్న మనిషి పక్క కుర్చీ మీద చెయ్యి వేసి, "మావాళ్లు ఐదు నిమిషాల్లో వస్తున్నారండీ" అనడంలో తప్పు లేదు. ఒక మనిషికి ఒక కుర్చీ, పది నిమిషాల లోపు. అంతకు మించితే ఎవరు అడిగినా ఇచ్చేయాలి.

తొమ్మిదీ ఒకచోట దొరికే వేళలు వేరే ఉన్నాయి. మొదటిది, ఓడెక్కిన రోజు మధ్యాహ్నం. అందరూ బఫే దగ్గరే ఉంటారు, కొలను ఖాళీ. కాకపోతే పెట్టెలు కేబిన్‌కు చేరడానికి గంటలు పడుతుంది, అందుకని ఈత బట్టలు చేతి సంచిలో పెట్టుకోండి. రెండోది, ఓడ రేవులో ఆగిన రోజు. సగం మంది ఊరు చూడ్డానికి దిగిపోతారు. ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే గడిచే రోజున ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా ఒత్తిడి ఎక్కువ. ఆ రోజు కూడా భోజనాల వేళ కాస్త ఖాళీ అవుతుంది.

ప్రశ్న: కుర్చీ మీద ఒక తువ్వాలు, ఒక పుస్తకం. మనిషి లేడు. గంట చూసి, అవి పక్కన పెట్టి కూర్చున్నాను. తర్వాత ఒకాయన వచ్చి నలుగురిలో గట్టిగా అరిచాడు. తప్పు నాదా, ఆయనదా?
– ఒక ఉద్యోగి, గాజువాక

జవాబు: గంటసేపు కుర్చీ పట్టి ఉంచడం ఆయన తప్పు. వస్తువులు మీ చేత్తో తీయడం మీ తప్పు. రెండోదాని వల్ల వచ్చే చిక్కు పెద్దది. తువ్వాలు మడతలో ఉంగరమో, కళ్లజోడో, కేబిన్ కార్డో ఉండొచ్చు. కనబడకపోతే వేలు మీ వైపే చూపిస్తారు. డెక్ మీద కెమెరాల్లో కూడా తీసింది మీరే అని కనిపిస్తుంది.

ఇలాంటప్పుడు ముందు అటూఇటూ కూర్చున్న వాళ్లను అడగండి: "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" "నీళ్లలో ఉన్నారు" అంటే ఆ మాట నమ్మి వదిలేయండి. "మేమొచ్చినప్పటి నుంచీ ఎవరూ లేరు" అంటే గడియారం చూసుకోండి. తర్వాత తువ్వాళ్లిచ్చే కౌంటరు దగ్గరి సిబ్బందికి ఏ వరసలో ఏ కుర్చీయో చూపించి, ఎంతసేపటి నుంచి ఖాళీగా ఉందో చెప్పండి. తీయడం వాళ్ల పని. కార్నివాల్ అనే మరో కంపెనీ ఓడల్లో సిబ్బంది ఆ కుర్చీకి టైము రాసిన చీటీ అంటిస్తారు. 40 నిమిషాలు దాటినా మనిషి రాకపోతే వస్తువులు తీసి భద్రపరుస్తారు. రాయల్ కరీబియన్‌లో గడువు 30 నిమిషాలు. లెక్క మొదలయ్యేది సిబ్బంది చూసిన క్షణం నుంచి. మీరు ముందే చూసిన గంట అందులోకి రాదు, కాబట్టి చెప్పడం ఆలస్యం చేయకండి.

డెక్ మీది మనిషి పట్టించుకోకపోతే కింద గెస్ట్ సర్వీసెస్ కౌంటరులో చెప్పండి. తోటి ప్రయాణికుడి మీద ఫిర్యాదులా కాకుండా, "ఫలానా వైపు చాలా కుర్చీలు తువ్వాళ్లతో ఖాళీగా ఉన్నాయి, ఒకసారి చూడమనండి" అని చెబితే పని త్వరగా అవుతుంది. సిబ్బంది చాలామంది ఫిలిప్పీన్స్, ఇండోనేసియా నుంచో, మన దేశం నుంచో వచ్చిన కష్టజీవులు. ప్రయాణికుడితో గొడవపడితే ఉద్యోగానికి ఇబ్బందని భయపడతారు. ఆ మొహమాటాన్ని అర్థం చేసుకుని అడగాలి.

సిబ్బంది తీసిచ్చాక మీరు కూర్చున్నారు, అప్పుడాయన వచ్చాడనుకోండి. లేవాల్సిన అవసరం లేదు. "మీ వస్తువులు కౌంటరులో ఉన్నాయండీ" అని దారి చూపితే చాలు. వచ్చిన వాళ్లు వయసు మళ్లినవాళ్లో, గర్భిణో అయితే మాత్రం లేచి ఇవ్వడమే మర్యాద.

ప్రశ్న: మరి నేను లేచి వెళ్తే ఎంతసేపు కుర్చీ నాదని అనుకోవచ్చు? దాని మీద ఏం పెట్టి వెళ్లాలి?
– ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: బాత్రూముకు, మంచినీళ్లకు, ఒక మునక వేసి రావడానికి వెళ్తే కుర్చీ మీదే. భోజనానికి, సినిమాకు, కేబిన్‌లో నిద్రకు వెళ్తే మీది కాదు. తువ్వాలు, సంచి తీసుకుని వెళ్లండి. ఓడ నియమం ఎంతున్నా, ఇరవై నిమిషాలు దాటేలా ఉంటే ఖాళీ చేయడమే మా సలహా. ఈత కొడుతున్నా, కుర్చీ కనిపించేంత దగ్గర్లో ఉండండి.

గుర్తుగా తువ్వాలు, చెప్పులు, చదువుతున్న పత్రిక చాలు. ఫోను, కార్డు, చెవి దుద్దులు పెట్టకండి. ఓడ తువ్వాళ్లన్నీ ఒకే రంగు కాబట్టి మీ కుర్చీ మీరే మర్చిపోతారు. తువ్వాలు రెండు పక్కలా పట్టే పెద్ద క్లిప్పులు రెండు తీసుకెళ్లండి. రంగు క్లిప్పులైతే గుర్తూ అవుతాయి, గాలికి తువ్వాలూ ఎగరదు. ఎగిరి సముద్రంలో పడినా తువ్వాలు డబ్బు మీ ఖాతాలోనే పడుతుంది.

ప్రశ్న: నీడ ఉన్న కుర్చీ కోసమే కదా ఈ తంటా అంతా. ఏ పక్కన కూర్చుంటే నీడ దొరుకుతుందో ముందే తెలుసుకోవచ్చా?
– ఒక రిటైర్డ్ టీచరు, సీతమ్మధార

జవాబు: తెలుసుకోవచ్చు మాస్టారూ. విశాఖ నుంచి చెన్నై వైపు ఓడ నైరుతిగా సాగుతుంది. ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపు నడి సముద్రం, కుడి చేతి వైపు మన తీరం. ఉదయం ఎండ ఎడమ పక్క నుంచి పడుతుంది, కాబట్టి పొద్దున్న కుడి పక్కన, పై డెక్ చూరు కింద నీడ. మధ్యాహ్నం దాటాక ఇది తిరగబడుతుంది. చెన్నై నుంచి తిరిగి వచ్చేటప్పుడు మొత్తం తారుమారు, పొద్దున్న నీడ ఎడమ పక్కన. జూన్‌లో పన్నెండింటికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు పైకప్పు ఉన్న చోటే గతి.

గాలి సంగతీ చెప్పాలి. నైరుతి రుతుపవనాల కాలంలో చెన్నై వైపు వెళ్తుంటే ఎదురుగాలి. ఓడ వేగం 15 నాట్లు (సముద్రం మీద వేగాన్ని ఇలాగే కొలుస్తారు), గాలి 15 నాట్లు అయితే డెక్ మీద 30 నాట్ల గాలి కొడుతుంది, అంటే గంటకు 55 కిలోమీటర్లు. ముందు భాగంలో కుర్చీలు ఖాళీగా కనబడితే కారణం అదే. అద్దాల గోడ వెనకో, మధ్య భాగంలోనో చూసుకోండి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోడవుతుంది, ఓడ వేగం, గాలి వేగం సమానమైతే డెక్ మీద ఆకు కదలనట్టుంటుంది, ఉక్కపోస్తుంది. ఆ రోజు ముందు భాగమే నయం, చిమ్నీ పొగ కూడా అంతగా చేరదు. సముద్రం బాగా ఊగుతుంటే కొలనులో నీళ్లు గట్టుదాటి పొర్లుతాయి. అప్పుడు కొలను ఖాళీ చేసి వల కట్టేస్తారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్లు బిగిస్తారు. వాటిని విప్పి తెచ్చుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆవిడ కోసమైనా ఒక కుర్చీ ముందే పట్టి ఉంచొచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: తువ్వాలు వేసి పట్టి ఉంచడం కంటే, ఓడెక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌లో చెప్పండి. లిఫ్టుకు దగ్గరగా, నీడలో ఒక కుర్చీ చూపించమని డెక్ సిబ్బందిని కోరండి. అడిగితే చాలాచోట్ల సాయం చేస్తారు. ఆవిడ వచ్చేదాకా మీరే అందులో కూర్చోండి, ఎవరూ మాట అనరు.

అయితే పడక కుర్చీ అమ్మగారికి సరిపోతుందా అన్నది ముందు ఆలోచించండి. అది బాగా కిందికి ఉంటుంది. కూర్చుంటే మోకాళ్లు నడుము కంటే పైకి వస్తాయి, లేవడానికి పట్టుకునేందుకు చాలావాటికి చేతులుండవు. బఫే బయట, డెక్ మీద బల్లల దగ్గర వేసే మామూలు చేతుల కుర్చీ ఆవిడకు ఎక్కువ సుఖం. పడక కుర్చీయే కావాలంటే, ఆవిడ కూర్చోకముందే వీపు పలక పైకి లేపి, వెనక ఊతకమ్మీ రెండు పక్కలా గాడిలో పడిందో లేదో చూడండి. ఒక పక్కే పడితే బరువు పడగానే పలక ధభాలున వాలిపోతుంది, కమ్మీ మధ్య వేళ్లు నలుగుతాయి. కూర్చునేటప్పుడు చివర అంచున కూర్చోనివ్వకండి, రెండో వైపు పైకి లేస్తుంది. మధ్యలో పక్కగా కూర్చుని తర్వాత కాళ్లు పైకి తీసుకోవాలి. తడి డెక్ మీద హవాయి చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్నవి తొడగండి.

ప్రశ్న: సిబ్బందికి కొంచెం డబ్బిచ్చి రోజూ నాలుగు కుర్చీలు ఉంచమంటే?
– ఒక వ్యాపారి, కురుపాం మార్కెట్

జవాబు: వద్దండీ. తీసుకుంటే అతను నియమం తప్పాలి, తీసుకోకపోతే మిమ్మల్ని నొప్పించాలి. రెండిట్లో ఏదైనా ఇబ్బంది అతనిదే. డబ్బు పెట్టి చోటు కావాలనుకుంటే దానికి దారి ఉంది. చాలా పెద్ద ఓడల్లో రోజు అద్దెకు కబానాలు ఉంటాయి, పరదాలు కట్టిన చిన్న పందిరిలాంటివి. ఎక్కగానే బుక్ చేసుకోవాలి, లేకపోతే అయిపోతాయి. పిల్లల సందడి లేని చోటు చాలనుకుంటే పెద్దలకు మాత్రమే ఉన్న డెక్ చూడండి. కార్నివాల్‌లో దాని పేరు సెరెనిటీ, 21 ఏళ్లు నిండినవాళ్లకే. రాయల్ కరీబియన్‌లో సోలారియం, 16 నిండాలి. అక్కడా తువ్వాలు నియమం మారదు. సిబ్బందికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే ప్రయాణం చివరి రోజున, ఏమీ అడగకుండా ఇవ్వండి.