ముందు మూత సంగతి చూడు

ఒరేయ్ చిన్నా,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మీ ఆవిడకి ప్రమోషన్ ఇచ్చి కర్నూలు వేశారట, ఏడాది పాటు పిల్లలిద్దరి క్యారేజీలూ నువ్వే కడతావట. టీ పెట్టమంటే పాలు పొంగించే వెధవవి! విన్నప్పటి నుంచి ఒకపక్క సంతోషం, ఒకపక్క టెన్షన్. ఎదురింటావిడకి ఇప్పటికే రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలుపెడితే, పొయ్యి మీద ఏదో ఉందంటూ లోపలికి పోయింది.

అన్నం కుక్కర్లో పెట్టడం వచ్చు కదా. కలిపే అన్నాలకి నీళ్లు కాస్త తగ్గించు. కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకో, వంకాయ, అరటికాయ తప్ప. అవి నల్లబడతాయి. నిమ్మకాయ పులిహోరకి రసం పొయ్యి మీద పిండకు, చేదెక్కుతుంది. పోపు దించాకే పిండాలి. దోసెలు పెట్టొద్దు, మధ్యాహ్నానికి తోలులా సాగుతాయి. ఇడ్లీ అయితే ముక్కలు కోసి కారప్పొడి, నెయ్యి పట్టించి పెట్టు.

పెరుగన్నం మాత్రం జాగ్రత్తగా విను. పొద్దున్నే పెరుగు కలిపేస్తే పన్నెండున్నరకి పులిసిపోతుంది, పాప ముక్కు మూసుకుంటుంది. అన్నం వేడిగా ఉండగానే మెత్తగా మెదుపు. గోరువెచ్చగా అయ్యాక పాలు పోసి, ఒక్క చెంచాడు పెరుగు వెయ్యి. తినే వేళకి బాక్సులోనే కమ్మగా తోడుకుంటుంది. ఉప్పు కొంచెమే.

రాత్రి అన్నం బయట వదిలేసి పొద్దున్న పోపు పెడదాం అనుకున్నావో, ఊరుకోను. అలా గంటల తరబడి ఉన్న అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు. సైన్సు టీచరుగా ఇరవై తొమ్మిదేళ్లు చేశాను, ఈ మాత్రం దబాయించే హక్కు ఉంది.

సైన్సు టీచర్నని గొప్పలు పోతున్నాను కానీ, నీ విషయంలో నేను చేసిన నిర్వాకం నీకు గుర్తుందో లేదో. 1992 జూన్. మీ అమ్మకి ఒంట్లో బాగోలేక నిన్ను తెనాలిలో మా ఇంట్లో ఉంచారు. ఒకటో తరగతిలో వేశాం. నీ కోసం కొత్త స్టీలు డబ్బా కొన్నాను, పేరు కొట్టించి మరీ. పప్పు కారి పుస్తకాలు పాడవకూడదని బిగుతు మూతది ఏరి తీసుకున్నాను. ఎనిమిదింబావు బస్సు అందుకోవాలి నేను. పొయ్యి మీంచి దించిన అన్నం దించినట్టే పెట్టి, పప్పు, నెయ్యి వేసి, అరచేత్తో మూత నొక్కేసేదాన్ని.

సాయంత్రం డబ్బా నిండుగా వచ్చేది. మర్నాడూ అంతే. "అత్తా, రావట్లేదు" అన్నావు నువ్వు రెండోరోజే. ఏం రావట్లేదో అడగలేదు. సాకులు చెప్పకు అన్నాను. తిండి దగ్గర వేషాలేమిటని వీపు మీద ఒకటి వేశాను కూడా. ఆ చల్లారిన పప్పన్నమే ముందు పెట్టి, తిన్నాకే ఆటలు అన్నాను. నువ్వు గబగబా తినేశావు. నా బెదిరింపు పనిచేసిందని మురిసిపోయాను. ఆకలిరా అది.

ఎనిమిది రోజులు సాగింది అలా. రోజూ ఆ డబ్బా తీసేది మీ మామయ్య. అరుగు అంచుకి రెండు దెబ్బలు కొట్టి తీసేవారు, నేను పట్టించుకోలేదు. తొమ్మిదోరోజు ఆయన గుంటూరు వెళ్లారు. మూత నాకు రాలేదు. చీర కొంగుతో పట్టి తిప్పాను, రాలేదు. చివరికి గరిటె కాడ దూర్చి లేపితే ఉస్సుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఎందుకంటే, సరిగ్గా ఆ వారమే ఎనిమిదో తరగతికి గాలి పీడనం పాఠం చెప్పాను. రేకు డబ్బాలో కాసిని నీళ్లు మరిగించి, దించి, మూత బిగించి, పైన చన్నీళ్లు పోశాం. లోపలి ఆవిరి నీరైపోయి డబ్బా సొట్టలు పడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. అదే ఆవిరి, అదే గాలి, నీ డబ్బా మూతని అదిమిపట్టుకుని కూర్చుంటే నాకు తట్టలేదు. అడిగితే అప్పుడు చెప్పావు. మీ టీచరమ్మకి ఇస్తే, ఇంట్లో నేర్చుకుని రమ్మందట.

2003లో మా ఊరి ప్రాథమిక బడిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడితే నాకు ముందు తట్టింది ఏమిటో తెలుసా? హమ్మయ్య, వీటికి మూతల్లేవు అని.

అందుకని నువ్వు చేసే మొదటి పని వంట కాదు. ఆదివారం చిన్నాణ్ణి కూర్చోబెట్టి, బాక్సూ నీళ్లసీసా పదిసార్లు తీయించి పెట్టించు. ఒకసారి తడిచేత్తో, ఒకసారి నూనె చేత్తో. నువ్వు సాయం చెయ్యకు, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఉండు. వాడికి రానిది ఎంత ఖరీదైనదైనా పక్కన పడేసి వేరేది కొను. పొద్దున్న అన్నం పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద ఐదారు నిమిషాలు పెట్టి, పొగలు పోయాకే సర్ది మూత పెట్టు. ఆవిరి నీళ్లు పట్టి కూర పాడవకుండా కూడా ఉంటుంది. బాక్సు నిండుగా తిరిగొస్తే కోప్పడకు. రుచి సంగతి తర్వాత, ముందు మూత వచ్చిందా అని అడుగు.

పాప గురించి నాకు బెంగలేదు, అది పక్కవాళ్ల బాక్సులు కూడా తీసిపెట్టే రకం.

తెల్లారి లేవలేకపోయిన రోజు పొడులున్నాయి. వేడన్నం, నెయ్యి, కందిపొడి, పక్కన ఉడికించిన గుడ్డు. పదినిమిషాల పని. కందిపొడీ కరివేపాకు పొడీ కొట్టి మీ నాన్నతో పంపిస్తున్నాను. పిల్లలకని మిరపకాయలు సగమే వేశాను. మూతలు వదులుగానే పెట్టాను, సంచి పడుకోబెట్టకుండా తెమ్మని ఆయనకి నువ్వు కూడా ఓసారి ఫోన్ చేసి చెప్పు.

మీ అత్తయ్య