చలానాలు సరే, ఆర్సీలో పేరెవరిది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంటి దగ్గరనే బట్టలు కుడత. మా పెద్దోడు హైదరాబాద్‌ల పని చేస్తడు, శనివారం శనివారం బండి మీదనే ఇంటికొస్తడు. బండి నా పేరు మీద తీసినం, నాకైతే లైసెన్స్ లేదు. మొన్న వాట్సాప్‌ల చలానా ఉందని ఏదో ఫైలు వచ్చింది. భయమై తెరవలేదు. పక్కింటి అమ్మాయి పోలీసుల సైట్‌ల చూస్తే ఈ బండి మీద 10 చలానాలు, 3,650 రూపాయలు ఉన్నయి. రెండేండ్ల కింద దేవరకొండల మా చుట్టాలకు అమ్మిన పాత బండి మీద ఇంకో 6 ఉన్నయి, అవి 3,410 రూపాయలు. పేరు మార్చుకుంటమన్నరు, మార్చుకోలేదు. లక్ష రూపాయల చిట్టీ నడుస్తుంది. పాట పాడి ఎత్తి అన్నీ ఒక్కసారే కట్టెయ్యాల్నా? లేకుంటే లోగడ ఇచ్చినట్టు సర్కారు డిస్కౌంట్ ఇచ్చేదాకా ఆగాల్నా?

జవాబు: అమ్మా, చిట్టీ ఎత్తకండి. మీరు కట్టాల్సింది రెండు బండ్ల మీదా కలిపి 7,060 రూపాయలు. దానికోసం లక్ష చిట్టీని తొందరపడి పాడితే, ఈ చలానాల మొత్తానికి మించి పాటలోనే పోవచ్చు. పైగా చేతికొచ్చిన మిగతా డబ్బు ఇంట్లో నిలవదు, ఏదో ఒక ఖర్చు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. చలానా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులాంటిది కాదు, నెలనెలా పెరగదు. సైట్‌లో ఒక్కో చలానా పక్కన టిక్ పెట్టుకునే గడి ఉంటుంది. ఈ నెల కొన్ని, వచ్చే నెల కొన్ని కట్టుకోవచ్చు. యూపీఐతో ఇంట్లోంచే కట్టవచ్చు, లేదంటే మీసేవకు వెళ్లి కట్టవచ్చు.

ఇక డిస్కౌంట్ సంగతి. మీరు విన్నది నిజమే. 2022 మార్చి 1 నుంచి ఏప్రిల్ 15 దాకా టూవీలర్ల పాత చలానాల మీద 75 శాతం మాఫీ చేశారు. మళ్లీ 2023 డిసెంబర్ 26న మొదలుపెట్టి, గడువు పొడిగించుకుంటూ 2024 ఫిబ్రవరి 15 దాకా 80 శాతం మాఫీ ఇచ్చారు. మీ 7,060లో ఒక్కో చలానాకు 35 చొప్పున యూజర్ ఛార్జీలు 560 పోతే అసలు జరిమానా 6,500. దాని మీద 80 శాతమంటే 5,200 మిగులుతుంది. బట్టలు కుట్టి సంపాదించే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, ఆశ పడటంలో తప్పేమీ లేదు. అయినా ఆగమని నేను చెప్పను. ఆ మాఫీ మళ్లీ వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. ఎలాగూ తగ్గిస్తారన్న ధీమా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్లవాడు హెల్మెట్ పెట్టుకోడు, స్పీడు తగ్గించడు. ఆగినన్నాళ్లూ కొత్తవి పడుతూనే ఉంటాయి, మిగులుతాయనుకున్న 5,200 వాటికిందే పోతాయి.

అయితే కట్టే ముందు ఆ పదహారింటినీ ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు, దాంతోపాటు ఇంజిన్ నంబరు లేదా చాసిస్ నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతుంది. రెండు నంబర్లూ ఆర్సీ మీద ఉంటాయి. ప్రతి చలానాకూ తేదీ, సమయం, స్థలం, ఏ పోలీసుల పరిధి అన్నది కనిపిస్తుంది, ఫొటో ఉంటే అదీ వస్తుంది. ఫొటో పెద్దది చేసి చూడండి. మురికి పట్టిన ప్లేటు మీద 3ని 8గా చదవడం, ఎవరో మీ నంబరే వేసుకుని తిరగడం, ఇలాంటివి జరుగుతాయి. ఫొటోలో ఉన్నది మీ బండి కాకపోతే ఆ ఒక్కటి కట్టకుండా పక్కన పెట్టండి. ఫొటో, ఆర్సీ కాపీ, మీ బండి ఫొటో జతచేసి, ఆ చలానా వేసిన పోలీసు విభాగానికే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఒకసారి కట్టేశాక అది మాది కాదని వాదించడం కష్టం.

మీరు ఉత్తరంతో పాటు పంపిన చలానాల లిస్టు ప్రకారం కొత్త బండి మీద 1,035 చొప్పున రెండు, 235 చొప్పున అయిదు, 135 చొప్పున మూడు ఉన్నాయి. ఆ రెండు పెద్దవీ స్పీడువి. మీ అబ్బాయి నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా వెళ్తాడు కదా, తేదీలు చూసుకుంటే అవి శనివారాలో ఆదివారాలో అయి ఉండవచ్చు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకునే చూడండి. జీతం తెచ్చుకునే పిల్లవాడు కాబట్టి, కొత్త బండివి తన జీతంలోంచే కట్టాలని నా ఖచ్చితమైన అభిప్రాయం. మీ మిషన్ డబ్బు దీనికి ముట్టవద్దు.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. మిర్యాలగూడ వాళ్లకు వాడపల్లి దాటితే ఆంధ్రప్రదేశ్. అటువైపు పడ్డ చలానాలు తెలంగాణ సైట్‌లో కనిపించవు, ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో వేరుగా చూడాలి. అబ్బాయి ఎప్పుడైనా దాచేపల్లి, గుంటూరు వైపు వెళ్లి ఉంటే అక్కడా ఒకసారి నంబరు కొట్టి చూడమనండి. తాగి నడిపిన కేసు లాంటిది ఏదైనా ఉంటే అది ఇలా ఫోన్‌లో కట్టేసి వదిలించుకునేది కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. మీ లిస్టులో అలాంటిది లేదు.

వాట్సాప్ ఫైలు తెరవకపోవడం వల్ల మీరు పెద్ద నష్టం తప్పించుకున్నారు. ఆర్టీఓ చలానా అని పేరు పెట్టి పంపే ఆ ఫైలు నిజానికి ఒక యాప్. దాన్ని ఫోన్‌లో ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే మీకొచ్చే మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాళ్లు చదువుతారు, ఖాతా ఖాళీ చేస్తారు. పోలీసుల నుంచి వచ్చే సమాచారంలో ఇలా ఎక్కించుకోవాల్సిన ఫైలు ఉండదు. తెలంగాణ పోలీసుల అసలు సైట్ చిరునామా చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. చలానా ఉందని ఎవరు చెప్పినా ఆ లింకు నొక్కకుండా, సైట్‌ను మీ అంతట మీరే తెరిచి చూసుకోండి. ఇంట్లో ఎవరైనా పొరపాటున అలాంటిది నొక్కితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ఆ తర్వాత బ్యాంకుకు. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు మీరు అడగని సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది 7,060 రూపాయలు కాదు. రెండు బండ్లూ మీ పేరు మీదే ఉన్నాయి, రెండింట్లో ఏదీ మీరు నడపరు.

ముందు పాత బండి. మీరు డబ్బు తీసుకుని తాళం ఇచ్చేశారు, మీ లెక్కలో అది అమ్ముడుపోయింది. చట్టం లెక్కలో మాత్రం ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. అందుకే దేవరకొండలో ముగ్గురు ఎక్కి తిరిగితే 1,235 చలానా మీకు పడుతోంది. అది చిన్న నొప్పి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే, దానికి ఇన్సూరెన్స్ లేకపోతే, పరిహారం కేసులో మీ పేరు ఉంటుంది. చేతులు మారినా ఆర్సీలో పేరు మారకపోతే, రికార్డులో ఉన్న యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చి చెప్పింది. అలాంటి కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుంది. మీ ఇల్లు, మీ చిట్టీ, మీరు కూడబెట్టిన రెండు తులాలు, అన్నీ ఆ పాత బండి వెనకాల తిరుగుతున్నాయి. అందుకే చలానాల కంటే ముందు ఈ పని చూడండి.

చుట్టాలకు ఈ రోజే ఫోన్ చేయండి. అడగాల్సింది రెండే. బండికి ఇప్పుడు ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే కాపీ పంపమనండి. పేరు మార్పిడికి ఏ రోజు వస్తారో చెప్పమనండి. రవాణా శాఖ సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుని, అమ్మినవాళ్లు సంతకం చేసే ఫారం 29, కొన్నవాళ్లు ఇచ్చే ఫారం 30, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్‌తో ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. అమ్మిన 14 రోజుల్లో మీరు చెప్పాలి, 30 రోజుల్లో వాళ్లు దరఖాస్తు చేయాలి అన్నది చట్టం. రెండూ ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి ఆలస్యానికి కొంత రుసుము పడవచ్చు, దానికి వెనకాడకండి. అమ్మినప్పుడు రాసుకున్న కాగితం ఉంటే వెతికి తీసి పెట్టుకోండి.

ఆ ఆరు చలానాల్లో తేదీలు చూడండి. అమ్మకానికి ముందువి ఉంటే అవి మీవి. తర్వాతవి వాళ్లవి. చుట్టరికంలో డబ్బు అడగడానికి మొహమాటం అడ్డొస్తుందని నాకు తెలుసు. అందుకని స్క్రీన్‌షాట్లు పంపి, బండి పేరు మార్చే రోజున ఇవి కూడా కట్టేయండి వదినా, అన్నయ్యా అని మామూలు మాటగా చెప్పండి. వాళ్లు నాన్చుతూ పోతే, ఆ ఆరూ మీరే కట్టేసి అయినా సరే పేరు మార్పిడి పూర్తి చేయించుకోండి. 3,410 పోయినా ఇది లాభమే.

ఈలోగా ఇన్సూరెన్స్ లేదని తేలితే, మీ పేరు మీద మీరే థర్డ్ పార్టీ పాలసీ, అంటే బండి గుద్దిన అవతలివాళ్లకు పరిహారం ఇచ్చే బీమా, తీసుకోండి. 75 నుంచి 150 సీసీ లోపు బండికి 2022 జూన్‌లో నిర్ణయించిన ఏడాది ప్రీమియం 714 రూపాయలు, పన్ను వేరే. వేరేవాళ్లు తిప్పే బండికి నేనెందుకు కట్టాలి అని మీకు అనిపిస్తుంది, అది న్యాయమైన కోపమే. కానీ ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారికే చట్టంలో 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు ఉంది, ప్రమాదం జరిగితే ఎంతో చెప్పలేం. నడిపేవాళ్లకు లైసెన్స్ ఉందో లేదో కూడా కనుక్కోండి, లేకపోతే పాలసీ ఉన్నా కంపెనీ మీ మీదకు తిరగబడుతుంది.

కొత్త బండి విషయంలో ఇబ్బంది వేరే రకం. పాలసీలో యజమానికి 15 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. అది బండి ఎవరి పేరు మీద ఉందో, ఎవరికి లైసెన్స్ ఉందో, వాళ్ల కోసం. మీ ఇంట్లో యజమాని మీరు, మీకు లైసెన్స్ లేదు. నడిపేది అబ్బాయి, తను యజమాని కాదు. వారం వారం అంత దూరం హైవే మీద వచ్చే పిల్లవాడికి ఏదైనా అయితే ఆ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. బండి అప్పు తీరిపోయి ఉంటే ఆర్సీని, దాంతోపాటు పాలసీని అబ్బాయి పేరుకు మార్చేయండి. అప్పు ఇంకా నడుస్తుంటే ముందు ఫైనాన్స్ వాళ్ల ఒప్పుదల కావాలి. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, అబ్బాయి బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉందో లేదో చూడండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. అది సరిపోయే మొత్తం కాదు. అందుకే వీలుంటే తన పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కూడా తీయించండి.

డబ్బు వరస ఇలా పెట్టుకోండి. ఈ నెల మీ చేతిలోంచి పోయేది పేరు మార్పిడి ఖర్చు, అవసరమైతే పాత బండి ఇన్సూరెన్స్. అబ్బాయి జీతంలోంచి ఈ నెల ఆ రెండు స్పీడు చలానాలు 2,070, వచ్చే నెల మిగిలిన 1,580. కట్టిన ప్రతిసారీ రసీదు ఫోన్‌లో దాచి, రెండు మూడు రోజులాగి పెండింగ్ లిస్టులోంచి అది పోయిందో లేదో చూసుకోండి. డబ్బు కట్ అయి చలానా అలాగే కనిపిస్తుంటే మళ్లీ కట్టకుండా, ఆ రసీదు నంబరుతో అడగండి. చిట్టీ మాత్రం చివరిదాకా నడవనివ్వండి.

చుట్టాలు అసలు కదలకపోతే, ఫారం 29 మీద మీ సంతకం పెట్టి, అమ్మకం కాగితం, కొన్నవాళ్ల ఆధార్ కాపీ జతచేసి ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. వాళ్లకూ ఒక కాపీ స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి. దీంతో యాజమాన్యం మారిపోదు, కానీ అమ్మేశానని ఫలానా తేదీన చెప్పానన్న రుజువు మీ దగ్గర ఉంటుంది. ఆ కాగితాలతో నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు అక్కడ వకీలు సాయం ఉచితంగానే దొరుకుతుంది.