రాత్రి చపాతీ మానెయ్, అన్నమే తిను

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నంత మాత్రాన నీ కడుపునొప్పి అబద్ధం కాదు. నీకున్న ఐబీఎస్‌లో, అంటే పేగు తీరు చెడే జబ్బులో, పేగుకు పుండు ఉండదు. పేగు కదలిక గాడి తప్పుతుంది, కాస్త గ్యాసు నిండినా నరాలు నొప్పి అంటాయి. అయితే మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, వీటిలో ఒక్కటి ఉన్నా ఈ ఉత్తరం పక్కన పెట్టి గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లు.

కడుపు కోసమని రాత్రి అన్నం మాని చపాతీ తింటున్నావట. ఇక్కడే తిరకాసు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, మూడింట్లోనూ ఫ్రక్టాన్ అనే ఒక రకం పిండిపదార్థం ఉంటుంది. అది చిన్నపేగులో అరగదు. పెద్దపేగుకు చేరి పులిసి గ్యాసవుతుంది. అన్నంతో ఆ పేచీ లేదు. ఒక్క 4 వారాలు ఆ మూడూ, వాటితోపాటు కందిపప్పు, పాలు, జీడిపప్పు, పనసతొనలు ఆపి చూడు. పెసరపప్పు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండి, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టు.

తాలింపు చప్పబడిపోతుందని బెంగ వద్దు. ఫ్రక్టాన్ నీళ్లలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. వెల్లుల్లి రెబ్బలు నూనెలో ఎర్రగా వేగనిచ్చి తీసి పారెయ్, ఆ నూనెతోనే పోపు పెట్టు. పులుసులో వేస్తే మాత్రం ఫ్రక్టాన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. ఆ నూనె ఏ పూటకాపూటే, దాచకు. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వేసుకోవచ్చు. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కావాలంటే ఉల్లీ బఠాణీ వద్దను. మరమరాలు నిన్నేం చెయ్యవు.

నైట్ షిఫ్టు దిగి ఒకేసారి కడుపు నిండా తినకు. పెద్ద భోజనం పడగానే పెద్దపేగు గట్టిగా కదులుతుంది, నువ్వు బాత్రూముకు పరిగెత్తేది అందుకే. కొంచెం కొంచెంగా తిను.

ఇసబ్‌గోల్ అర చెంచాతో మొదలు, గ్లాసు నిండా నీళ్లలో. వారం తర్వాత చెంచా. పొడిగా మింగితే గొంతులో అడ్డుపడుతుంది. గోధుమ తవుడు జోలికి పోకు, ఉబ్బరం పెరుగుతుంది. డాక్టరు తక్కువ మోతాదులో డిప్రెషన్ మందు రాస్తే పిచ్చి అంటగట్టారనుకోకు, అది పేగు నరాలను శాంతపరచడానికి.

4 వారాలకు తేలికపడితే ఆపినవి ఒక్కొక్కటే తిరిగి పెట్టు. మొదటి రోజు చెంచాడు ఉల్లి తరుగు, మర్నాడు రెండు, మూడో రోజు పావు ఉల్లిపాయ. నొప్పి వస్తే ఎంత తిన్నాక వచ్చిందో నోటుపుస్తకంలో రాసి ఆపు. కడుపు సర్దుకున్నాకే పాల సంగతి చూడు.

మీ మావయ్య